0.3 నాజిల్‌తో ఎయిర్‌బ్రష్‌లో వెంట్రుకంత గీత వస్తుందా, 0.2 కొనాల్సిందేనా?

నల్లసిరా
అందరికీ నమస్కారం. నా ఎయిర్‌బ్రష్ గన్ను డబుల్ యాక్షన్ (ట్రిగ్గర్ నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు), పైన కప్పు, 0.3 మి.మీ. నాజిల్. కంప్రెసర్‌కి 3 లీటర్ల ట్యాంకు ఉంది. గాలి ప్రెషర్ గేజీ 25 పీఎస్‌ఐ దగ్గర పెట్టాను. రంగు వాటర్‌బేస్ ఆక్రిలిక్, ఒక చుక్కకి ఒక చుక్క రెడ్యూసర్ (పలచన చేసే ద్రవం). పని బైకు ట్యాంకు మీద పులి ముఖం.

షేడింగ్ వరకూ ఇబ్బంది లేదు. మీసాలు, కంటి చుట్టూ బొచ్చు దగ్గరికొచ్చేసరికి గీత 3 మి.మీ. కన్నా సన్నబడట్లేదు. గన్ను దగ్గరికి తెస్తే రంగు సాలెపురుగు కాళ్లలా నాలుగు పక్కలా పాకిపోతోంది. 0.2 సూది, నాజిల్ సెట్టు తెప్పిస్తే తీరుతుందా? ఎవరైనా చెప్పగలరు.

బెజవాడ_గన్ను
0.2 సెట్టు డబ్బు ప్రస్తుతానికి జేబులోనే ఉంచండి. మీ 25 పీఎస్‌ఐ, మీ 1:1 కలుపు అలాగే ఉంచి 0.2 బిగిస్తే ఆ గీత కూడా రాదు. నాజిల్ రెండు నిమిషాలకోసారి మూసుకుపోతుంది, అంతే తేడా.

నాజిల్ మీద రాసే అంకె దాని రంధ్రం కొలత, గీత వెడల్పు కాదు. సూది మొన ఏటవాలుగా ఉంటుంది కదా, ట్రిగ్గర్ వెనక్కి లాగితే ఆ ఏటవాలు వెనక్కి జరిగి, సూదికీ నాజిల్ అంచుకీ మధ్య ఉంగరంలాంటి సందు తెరుచుకుంటుంది. రంగు వచ్చేది ఆ సందులోంచి. సన్నపని మొత్తం ట్రిగ్గర్ ప్రయాణంలో మొదటి మిల్లీమీటరు లోపే జరిగిపోతుంది. ఆ మొదటి మిల్లీమీటరులో 0.3కీ 0.2కీ పెద్ద తేడా ఉండదు. ఇవాటా ఎక్లిప్స్ హెచ్‌పీ-సీఎస్ అనే గన్ను నాజిల్ 0.35 మి.మీ. దాంతో కనురెప్ప వెంట్రుకలు గీసేవాళ్లు బోలెడుమంది.

గీత సన్నబడాలంటే సరిచేయాల్సిన వరుస ఇది: ముందు రంగు పలచన, తర్వాత గాలి, తర్వాత దూరం, ఆ తర్వాత వేలు. మీరు దూరంతో మొదలుపెట్టారు, అందుకే సాలెకాళ్లు.

చిన్నమోడల్
సాలెకాళ్లు ఎందుకొస్తాయో కూడా చెప్పాలి, లేకపోతే గాలి ఒక్కటే తగ్గించి ఊరుకుంటారు. ఉపరితలం మీద పడ్డ రంగు ఆరేలోపు వెనకాల వచ్చే గాలి దాన్ని తోస్తుంది. తడి ఎక్కువున్నా తోస్తుంది, గాలి ఎక్కువున్నా తోస్తుంది, చెయ్యి నెమ్మదిగా కదిలినా తోస్తుంది. కాబట్టి మందులు మూడు: ట్రిగ్గర్ తక్కువ లాగడం, గాలి తగ్గించడం, చెయ్యి వేగంగా కదపడం.

గాలి ఒక్కటే తగ్గించి రంగు చిక్కగా వదిలేస్తే ఇంకో రోగం పట్టుకుంటుంది. ఆ కొంచెం గాలికి చిక్కటి రంగు పొడిపొడిగా విడిపోదు, ఇసుక చల్లినట్టు గరుకు చుక్కలు పడతాయి. పలచన, గాలి జంటగా కిందికి రావాలి.

బెజవాడ_గన్ను
అవును, జంటగా. మీ రంగుకి ఈ లెక్కతో మొదలుపెట్టండి: ఒక చుక్క రంగు, రెండు చుక్కల రెడ్యూసర్, 12 నుంచి 15 పీఎస్‌ఐ, అంటే దాదాపు ఒక బార్. ఇంకా సన్నం కావాలంటే 1:3, 10 పీఎస్‌ఐ. కప్పు గోడ మీంచి జారుతుంటే వెనక లోహం కనపడే పొర మిగలాలి, వెన్న తీసిన పాలలాగా. అంత పలచనలో ఒక్క గీతతో నలుపు రాదు, బూడిదరంగు వస్తుంది. అదే కావాలి. అదే గీత మీద మూడు, నాలుగు సార్లు పోనిస్తే నలుపు ఎక్కుతుంది, అంచు మెత్తగా ఉంటుంది.

గేజీ సంగతి ఒకటి. ట్రిగ్గర్ వదిలేసి ఉన్నప్పుడు చూసే అంకెని నమ్మకండి. ట్రిగ్గర్ కిందికి నొక్కి, గాలి పోతుండగా ముల్లు ఎక్కడ నిలిచిందో అదే మీ అసలు ప్రెషర్. ఆ స్థితిలో రెగ్యులేటర్ తిప్పుకోండి.

నల్లసిరా
నొక్కి చూశాను, 25 కాస్తా 20కి దిగింది. ఇప్పుడు నొక్కి ఉంచే 13కి తెచ్చాను. 1:2 కలిపాను. సాలెకాళ్లు తగ్గాయి. కానీ గీత మధ్యలో తెగుతోంది, ఒక వైపు అంచు మాత్రం గరుకుగా వస్తోంది. నేరుగా పట్టుకున్నా రంగు కొంచెం ఎడమకి పోతున్నట్టుంది.

పెయింటుపని_సికిందరాబాద్
ఎడమకి పోతుందంటే సూది మొన వంగిందన్నా. కంటికి కనపడదు. సూది బయటికి తీయి, కప్పు ఖాళీ చేసి కడిగినంక తీయి, లేకుంటే రంగంతా వెనక సీలులోకి గుంజుకపోతది. మెత్తటి టిష్యూ కాయితం మీద సూదిని పడుకోబెట్టి, మొన వెనకుండేటట్టు నెమ్మదిగా గుంజు, వేళ్ల మధ్య తిప్పుకుంట గుంజు. కొక్కెం ఉంటే ఒక పక్కకి వచ్చినప్పుడు టిష్యూ పోగు పట్టుకుంటది. ఆ పక్కనే వంకర.

కొంచెమే అయితే సరిచేయొచ్చు. గాజుపలక మీద 2500 గ్రిట్ వాటర్ పేపర్ వేసి, నీళ్లు తడిపి, సూది ఏటవాలు ఎంతుందో అంతే కోణంలో ఆనించి, తిప్పుకుంట వెనక్కి గుంజు. ముందుకి నెట్టద్దు, మొన ఇంకా ముడుచుకుంటది. పది, పదిహేను గుంజులు చాలు. మళ్లీ టిష్యూ మీద చూడు. మొన బాగా ముడుచుకుంటే తంటాలు పడకు, కొత్త సూది కొను.

చిన్నమోడల్
సూది మళ్లీ ఎక్కించేటప్పుడు ఆగిన చోట ఆపేయండి. 'ఇంకాస్త' అని నెట్టారంటే నాజిల్ మూతి గంటలా విచ్చుకుంటుంది, లేదా సన్నటి పగులు వస్తుంది. పగులు వచ్చిందని ఎలా తెలుస్తుందంటే, గాలి వదలగానే కప్పులో బుడగలు లేస్తాయి. బుడగలకి ఇంకో కారణం నాజిల్ మరలోంచి గాలి కారడం. చిన్న మరతో బిగించే నాజిల్ అయితే మర మీద కాస్త తేనెమైనం రాసి బిగిస్తే ఆగుతుంది. బిగింపు వేలితో, చివర్లో స్పానర్‌తో పావు తిప్పుకి మించకూడదు. ఆ మర సన్నం, విరిగిందంటే ముక్క బాడీలోనే ఉండిపోతుంది.

సాగరతీరం
గీత మధ్యలో తెగడం మాత్రం సూది వంకర వల్లే కాకపోవచ్చు. టిప్ డ్రై కూడా చూడండి. మొన మీద రంగు ఎండి చిన్న గడ్డ కడుతుంది, గాలి దాన్ని దాటలేదు. రెండు క్షణాలు గీత రాదు, ట్రిగ్గర్ ఎక్కువ లాగుతారు, గడ్డ ఊడి ఒక్కసారిగా పెద్ద చుక్క పడుతుంది. పోర్ట్రెయిట్‌లో బుగ్గ మీద మచ్చ వచ్చేది ఇలాగే.

ఎండాకాలంలో, పక్కన ఫ్యాను తిరుగుతుంటే మరీ ఘోరం. పక్కన చిన్న గిన్నెలో రెడ్యూసరో క్లీనరో పెట్టుకుని, పాత మెత్తటి కుంచె ముంచి, రెండు మూడు నిమిషాలకోసారి మొనని తడిపి తుడవండి. వెనకనించి ముందుకే తుడవాలి. పది చుక్కల కలుపుకి ఒక చుక్క రిటార్డర్ వేస్తే ఎండడం నెమ్మదిస్తుంది. అంతకన్నా ఎక్కువైతే ట్యాంకు మీద రంగు ఆరక, మీద చెయ్యి పెడితే వచ్చేస్తుంది.

విశాఖలోనో కాకినాడలోనో వానాకాలంలో చేసేవాళ్లకి గొడవ తలకిందులు. రంగు ఎండదు, గొట్టంలో నీళ్లు చేరతాయి. కంప్రెసర్‌లో వేడెక్కిన గాలి గొట్టంలో చల్లబడేచోట తేమ నీరవుతుంది కాబట్టి కంప్రెసర్ దగ్గరున్న నీళ్లు పట్టే ట్రాప్ ఒక్కటే ఆపలేదు. గన్ను కింద బిగించే చిన్న ట్రాప్ ఇంకొకటి పెట్టండి. పని అయ్యాక కంప్రెసర్ ట్యాంకు అడుగు మర విప్పి నీళ్లు వదలండి.

కుంచెబాబాయి
పాత ఫ్రిజ్ కంప్రెసర్‌తో చేసుకున్న సెటప్పులు మన దగ్గర చాలానే ఉన్నాయి, వాటి గురించి ఒక మాట. చప్పుడుండదు, మంచిదే. కానీ ఆ గాలితో పాటు ఆయిలు వస్తుంది. కంటికి కనపడనంత ఆయిలు పడ్డా రంగు ఆ చోట గుంటలా విడిపోతుంది, క్లియర్ (పైన కొట్టే పారదర్శక పూత) కొట్టినప్పుడు చేపకళ్లు (గుండ్రటి గుంటలు) తేలతాయి. తెల్ల కాగితం మీద ఉత్త గాలి ఒక నిమిషం వదిలి, వెలుతురుకి పట్టి చూడండి. జిడ్డు మరక కనపడితే ఆయిల్ ఫిల్టర్ లేకుండా బైకు ట్యాంకు పనికి వాడొద్దు. గాలి ట్యాంకు లేని చిన్న డయాఫ్రం కంప్రెసర్లయితే గాలి కొట్టుకుంటూ వస్తుంది, సన్న గీత పూసల దండలా పడుతుంది. ఆ లోపం చేతిదనుకుని నెలలు సాధన చేసినా పోదు.

నల్లసిరా
టిష్యూ పట్టుకుంది, వంకరే. కొత్త సూది వేశాను. ఇప్పుడు గీత నేరుగా పోతోంది, 1.5 మి.మీ. దాకా వస్తోంది. ఇక సాధన ఏం చేయాలి? ట్యాంకు మీద కాకుండా దేనిమీద?

బెజవాడ_గన్ను
తెల్ల సిరామిక్ టైలు ముక్క. పీల్చదు, కాబట్టి సాలెకాళ్లు ఇట్టే పట్టిస్తుంది. తడిగుడ్డతో తుడిస్తే మళ్లీ తెల్లగా. ఫ్లెక్స్ బ్యానర్ ముక్క వెనక్కి తిప్పినా పనికొస్తుంది. చార్టు కాగితం తడి పీల్చేస్తుంది, తప్పులు దాచిపెడుతుంది. దానిమీద రెండువారాలు చేసి ట్యాంకు మీదకి వెళ్తే మొదటి గీతకే సాలెకాళ్లు.

రంగు బదులు మామూలు ఫౌంటెన్ పెన్ను ఇంకు పోయండి. పిగ్మెంటు ఉండదు కాబట్టి నాజిల్ మూసుకోదు, నీళ్లతో కడిగితే పోతుంది. నీళ్లంత పలచన కాబట్టి చెయ్యి ఏమాత్రం ఆలస్యమైనా పాకుతుంది, గట్టి గురువు.

టైలు మీద పెన్సిలుతో సెంటీమీటరు గళ్లు గీయండి. గళ్లు కలిసే ప్రతి మూలలో ఒక చుక్క. గన్ను నిలువుగా, మొన టైలుకి 5 నుంచి 8 మి.మీ. ఎత్తులో. ముందు గాలి నొక్కండి, గాలి పోతూనే ఉండాలి. తర్వాత ట్రిగ్గర్‌ని వెనక్కి 'లాగకండి', వేలి కండ బిగిస్తే చాలు, చుక్క కనపడుతుంది. కనపడగానే ముందుకి వదిలేయండి. గాలి మాత్రం వదలకండి. అలాగే తర్వాతి మూలకి. వంద చుక్కలు పెట్టి చూడండి, ఒకటి ఆవగింజంత, ఒకటి మిరియమంత ఉంటాయి. వందా ఆవగింజలయ్యేదాకా గీతల జోలికి వెళ్లొద్దు.

గాలి వదిలేసి మళ్లీ నొక్కితే ఏమవుతుందంటే, మొన మీద నిలిచిన తడి మొదటి గాలికే ఎగిరి తుంపరగా పడుతుంది. అందుకే క్రమం ఎప్పుడూ ఒకటే: గాలి, రంగు, రంగు ఆపు, గాలి ఆపు.

చిన్నమోడల్
చుక్కల తర్వాత రెండు చుక్కల్ని కలిపే గీత. 3 సెం.మీ., తర్వాత 5, తర్వాత 10. కళ్లు గన్ను మొన మీద కాదు, చేరాల్సిన చుక్క మీద ఉండాలి.

నిలకడకి: గన్ను పట్టుకున్న చేతి చిటికెనవేలు ఉపరితలం మీదో, ఎడమచేతి మీదో ఆనాలి. గొట్టాన్ని మణికట్టుకి ఒక చుట్టు చుట్టండి. వేలాడే గొట్టం బరువు సన్నగీతని ఎంత వణికిస్తుందో చుట్టి చూస్తేగానీ తెలియదు. పొట్టి గీత మణికట్టుతో, 5 సెం.మీ. దాటితే మోచేత్తో.

1/72 స్కేలు మోడల్ విమానాలు చేసేవాళ్లకి ఒక లెక్క చెప్తాను, సన్నం అంటే ఎంత సన్నమో తెలుస్తుంది. మెస్సర్‌ష్మిట్ 109 పక్కల మీద మచ్చల కామఫ్లాజ్ ఉంటుంది. అసలు విమానం మీద 30 సెం.మీ. మచ్చ 1/72లో 4 మి.మీ. పైచిలుకు. ఆ మచ్చ అంచు మెత్తదనం అసలుమీద 5 సెం.మీ. అనుకుంటే మోడల్ మీద 0.7 మి.మీ. మచ్చకన్నా ఆ అంచు కష్టం. టమియా ఆక్రిలిక్‌కి లెవెలింగ్ థిన్నర్ 1:3, 10 పీఎస్‌ఐ, సెంటీమీటరు దూరం. మొదటిసారి మచ్చ ఉందా లేదా అన్నట్టుండాలి. అది లాకర్ థిన్నర్ కాబట్టి ఆర్గానిక్ వేపర్ కాట్రిడ్జ్ ఉన్న మాస్కు తప్పదు, గుడ్డ మాస్కు ఆవిరిని ఆపదు. దగ్గర్లో దీపం, సిగరెట్టు ఉండకూడదు.

రేపటిబొమ్మ
గన్ను ముందు సూది మొన చుట్టూ ఉండే మూత తీసేస్తే గీత సన్నబడుతుందని అంటారు, నిజమేనా?

కుంచెబాబాయి
కొంత నిజం. బాగా దగ్గరికి వెళ్లినప్పుడు ఉపరితలానికి కొట్టుకుని వెనక్కి వచ్చిన గాలి మూత లోపల సుడి తిరిగి రంగుని చెదరగొడుతుంది. మూత తీస్తే ఆ గాలికి దారి దొరుకుతుంది, మొన ఎక్కడుందో కంటికీ కనపడుతుంది. కానీ అప్పుడు సూదికి రక్ష లేదు. ఒక్కసారి ట్యాంకుకి తగిలినా, బల్లకి తగిలినా, పైన సికిందరాబాద్ తమ్ముడు చెప్పిన టిష్యూ పరీక్ష మీకే. కిరీటంలా పళ్లూ సందులూ ఉన్న మూత దొరికితే అది మధ్యేమార్గం, సందుల్లోంచి గాలి పోతుంది, సూదికీ రక్ష.

వెనక హ్యాండిల్‌లో తిప్పే మర ఉంటే దాన్ని వాడుకోండి. సూది ఇంతకన్నా వెనక్కి పోకుండా ఆపుతుంది. సన్నగీత వచ్చే చోట బిగించేస్తే పొరపాటున వేలు జారినా వరద రాదు. కొందరు దీన్ని 'పిల్లల సైకిలు చక్రాలు' అని ఎగతాళి చేస్తారు. ట్యాంకు మీద నాలుగురోజుల పని అయ్యాక చివర్లో మీసం గీసేటప్పుడు ఆ ఎగతాళి గుర్తుండదు.

బెజవాడ_గన్ను
బాబాయిగారితో ఇక్కడ ఒప్పుకోను. చుక్కల సాధనలో ఆ మర వాడితే వేలికి ఎంత బిగించాలో ఎప్పటికీ తెలియదు. పనిలో వాడండి, సాధనలో వద్దు. పైగా మీసానికి మొదలు మందంగా, చివర సన్నంగా ఉండాలి, అంటే ట్రిగ్గర్ కదులుతూ ఉండాలి.

మీసం, రెప్ప వెంట్రుక, బొచ్చు, అన్నిటికీ ఒకటే గీత, కత్తిగీత అంటాం. మొదటిచోట ట్రిగ్గర్ కొంచెం తెరిచి, చెయ్యి విసురుతూ, ట్రిగ్గర్‌ని ముందుకి వదులుతూ, గన్నుని ఉపరితలానికి దగ్గరగా దింపుతూ ముగించాలి. మూడూ ఒకే క్షణంలో. చివర్లో చెయ్యి ఆగకూడదు, గాల్లోకి పోనివ్వాలి. ఆగితే చివర గుండు తేలుతుంది. ఎటు పడితే అటు కాకుండా, బొచ్చు మొలిచే దిక్కునే గీయండి. పులికి ముక్కు దగ్గర పొట్టి, చెంప దగ్గర పొడుగు.

నల్లసిరా
తెల్ల మీసాలు నల్ల నేల మీద గీస్తున్నాను. తెలుపు నీలంగా కనపడుతోంది, పైగా నాజిల్ మాటిమాటికీ మూసుకుపోతోంది. సీసా పాతదా?

సాగరతీరం
సీసా తప్పు కాదు. తెలుపులో ఉండేది టైటానియం డయాక్సైడ్. పలచటి పొరగా నలుపు మీద పడితే నీలం వెలుగుని ఎక్కువ చెదరగొడుతుంది, పొగ నీలంగా కనపడినట్టే. పది చుక్కల తెలుపుకి ఒక చుక్క ట్రాన్స్‌పరెంట్ పసుపు లేదా నారింజ కలపండి, నీలం విరుగుతుంది. లేదా మీసం గీశాక మీద పలచటి ట్రాన్స్‌పరెంట్ బ్రౌన్ ఒకసారి పోనివ్వండి, పులికి అదే బాగుంటుంది కూడా.

మూసుకుపోవడానికి మందు వడకట్టడం. పాత నైలాన్ మేజోడు ముక్క రెండు మడతలు వేసి చిన్న గిన్నె మూతికి కట్టి అందులోంచి పోయండి. కలపడం ఎప్పుడూ గిన్నెలోనే, కప్పులో కాదు. కప్పులో ముందు రంగు పోసి తర్వాత రెడ్యూసర్ పోస్తే, చిక్కటి రంగు అప్పటికే సూది చుట్టూ కూర్చుని ఉంటుంది. ఇంకొకటి, వాటర్‌బేస్‌లో ఐసోప్రొపైల్ స్పిరిట్ కలపకండి. కొన్ని రకాల ఆక్రిలిక్ దాంతో విరిగి జిగురు ముద్దవుతుంది. ఏ రంగుకి ఆ కంపెనీ రెడ్యూసర్ వాడితే ఈ తలనొప్పులు సగం ఉండవు.

పెయింటుపని_సికిందరాబాద్
ట్యాంకు పనిల ఇంకో ముచ్చట. బేస్ కలర్ మీద డైరెక్టుగా సన్నపని చేయకన్నా. ఇంటర్‌కోట్ క్లియర్ కొట్టి, ఆరినంక 1500 పేపర్‌తో తడిగ సాఫ్ చెయ్యి, మెరుపు పోవాలె. ఆ మీద మీసం తప్పు పడితే వెంటనే తడిగుడ్డతో తుడిస్తే బేస్ చెక్కుచెదరదు. చివరికి 2కే (హార్డెనర్ కలిపే) క్లియర్ కొట్టేటప్పుడు మొదటి కోటు మంచులెక్క పలచగ, ఆరనియ్యి, అప్పుడు తడి కోటు. మొదలే తడిగ కొడితే మీసాలన్నీ కరిగి కారతయి. 2కేల ఊపిరికి హాని చేసే ఐసోసయనేట్ ఉంటది, సరైన మాస్కు, గాలి పోయే జాగ లేకుండ ముట్టద్దు.

రేపటిబొమ్మ
వినాయక విగ్రహాల కళ్లకి కూడా ఇదే లెక్కేనా? ప్లాస్టర్ బొమ్మ, 3 అడుగులు.

కుంచెబాబాయి
కంటిపాప చుట్టూ వెలుగునీడ గన్నుతో, రెప్ప అంచు గీత మాత్రం సన్న కుంచెతో వేయండి. అంచు పదునుగా ఉండాల్సిన చోట గన్ను వాడటం పంతమే, కుంచె నిమిషంలో చేసే పని అది. గన్ను మెత్తటి అంచు కోసం. ప్లాస్టర్ నీళ్లు పీల్చేస్తుంది కాబట్టి ముందు ప్రైమర్ రెండు కోట్లు, మధ్యలో 400 పేపర్. లేకపోతే కంటిపాప బ్లాటింగ్ కాగితం మీద సిరాలా విచ్చుకుంటుంది.

నల్లసిరా
చుక్కలు నాలుగు టైళ్లు నింపాను. 1:3, 11 పీఎస్‌ఐ, గీత 0.7 మి.మీ. దగ్గర నిలిచింది, అదే 0.3 సూదితోనే. ఒకటే మిగిలింది, ప్రతి గీతకీ మొదట్లో చిన్న గుండు.

బెజవాడ_గన్ను
చెయ్యి ఆగి ఉండగా రంగు వదులుతున్నారు. గీత మొదలయ్యే చోటుకి రెండు సెంటీమీటర్ల ముందే, ఉత్త గాలితో చెయ్యి కదపడం మొదలుపెట్టండి. ఆ చుక్క దాటుతుండగా రంగు తెరవండి. చివర్లో కూడా అంతే, రంగు మూశాక చెయ్యి ఇంకో రెండు సెంటీమీటర్లు పోవాలి. అలా చేసినా గుండు పోకపోతే సూది నాజిల్‌లో పూర్తిగా కూర్చోవట్లేదని అర్థం. వెనక సూదిని పట్టి ఉంచే చక్ నట్టు వదులు చేసి, సూదిని ఆగేదాకా మెల్లగా జరిపి, మళ్లీ బిగించండి. ట్రిగ్గర్ వదిలి గాలి మాత్రం నొక్కి టైలు మీద పట్టండి. చుక్క కూడా పడకూడదు.

నల్లసిరా
చక్ నట్టే. ఉత్త గాలికి కూడా రంగు వస్తోంది. బిగించాను, ఇప్పుడు టైలు శుభ్రంగా ఉంది.